చూడ్డానికి కూర్చున్నాం

మా దీవిలో ఆయాసపడకూడదు. చట్టమేదీ లేదు గాని బోర్డు ఉంది.

పడవ దిగి చెక్కవంతెన దాటగానే కనపడుతుంది, మనిషికంటే ఎత్తుగా, నీలం మీద తెల్లటి అక్షరాలతో. "సుగమ వీక్షణ మార్గం. ఓడల ఆసుపత్రి, పాత జైలు, దీపస్తంభం. అన్ని వయసులవారికీ అనువైనది." కింద ఒక బొమ్మ. మొగుడూ పెళ్ళామూ, ఒక ముసలాయనా, ఒక ముసలావిడా చేతులూపుకుంటూ నవ్వుకుంటూ నడుస్తుంటారు. ఆ బొమ్మ వేసినవాడు మా దీవికి ఏనాడూ రాలేదని చెప్పడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. బొమ్మలో దారి అరుగులా చదునుగా ఉంటుంది.

అసలు దారి సంగతి నేను చెప్తాను. నగరానికి ఎదురుగా, రేవు మధ్యలో, బోర్లించిన మూకుడులా ఉంటుంది మా దీవి. మూకుడు అంచున ఓడల ఆసుపత్రి. వెనకటికి ఓడల్లో జబ్బు మనుషులొస్తే ఊళ్ళోకి రానివ్వకుండా అందులో పడేసేవారట. మూకుడు నడుము దగ్గర జైలు. నడినెత్తిన దీపస్తంభం. ఈ మూడింటికీ కలిపి ఒకటే రాళ్ళదారి. ఆసుపత్రి దాటిన దగ్గర్నుంచీ ఎక్కుడే ఎక్కుడు. దాన్ని వేసింది ఖైదీల్ని నడిపించడానికి గాని కొత్త దంపతులు చేయీ చేయీ పట్టుకుని నడవడానికి కాదు. ఖైదీలకి ఆయాసం వస్తే అడిగేవాడెవడు?

ఆ దారి సగంలో, జైలు గోడ మలుపు తిరిగేచోట నా టీకొట్టు. గోడకి ఆనించి నాలుగు గుంజలు, పైన టార్పాలిను, అది ఎగిరిపోకుండా అంచులకి కట్టిన రాళ్ళు. సముద్రం గాలి పొయ్యిని బతకనివ్వదు. అందుకని పొయ్యి గోడ మొదట్లో పెట్టుకుని, దారికి వీపు పెట్టి, గోడలోకి మొహం పెట్టి కూర్చుంటుంది మా ఆవిడ. గాలికి అడ్డం ఆవిడ వీపే. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ చూసింది ఆ గోడనే. ఏ రాయికి ఎంత నాచు పట్టిందో అడిగితే చెప్తుంది.

కొట్టుకి ఎదురుగా, దారికి అటుపక్క ఒక రాతిబల్ల. ఆనాటి కాపలావాళ్ళ కోసం వేసింది. గోడని చూడ్డమే వాళ్ళ ఉద్యోగం కాబట్టి బల్ల కూడా గోడకేసే ఉంటుంది. దాని మీద కూర్చుంటే సముద్రం మన వెనకాల. అయినా ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు. ఆ ఎక్కుడు ఎక్కి వచ్చినవాడికి ఆ బల్ల కనపడితే కన్నతల్లి కనపడినట్టే. కూలబడి, గుండె మీద చేయి పెట్టుకుని, "అమ్మా, టీ" అనేవాడు. ఆ "అమ్మా" కన్నతల్లికో, మా ఆవిడకో నాకు తెలియదు గాని, టీ మాత్రం అమ్ముడుపోయేది. మా బతుకంతా జనం ఆయాసం మీదే నడిచింది. దాచుకోవడం ఎందుకు?

బోర్డు పాతిన రోజు మా బావమరిది ఎగురుకుంటూ వచ్చాడు. వాడు గైడు. అందరూ వాణ్ణి 'చరిత్ర' అని పిలుస్తారు. ఏ రాయి చూపించినా దాని మీద ఒక రాణిని కూర్చోబెట్టి ఏడిపించగలడు వాడు.

"అక్కా, మన దారి ఇక సుగమం!" అన్నాడు.

"సుగమం అంటే ఏంట్రా?"

"సులువుగా నడవగలిగేదని."

"మరి సులువని రాసి చావచ్చుగా?"

"అలా రాస్తే సులువుగా అర్థమైపోతుంది కదక్కా. ప్రభుత్వ బోర్డు, ఆ మాత్రం బరువుండాలి."

నేను చదివింది తక్కువే. అయినా నాకు ఆ మాట చూడగానే అర్థమైంది. "అది కాదే. సుఖంగా గమ్మునుండమని. కాళ్ళు పీకినా, కళ్ళు తిరిగినా, నోరెత్తకుండా గమ్మునుండాలి. సు... గమ్ము. అదీ సంగతి."

మా ఆవిడ నవ్వింది గాని, అక్షరాలా అలాగే జరిగింది.

అంతకుముందు ఒగురుస్తూ వచ్చి కూర్చునే మనుషులు, బోర్డు చదివి రావడం మొదలుపెట్టాక బల్ల వైపు చూడ్డమే మానేశారు. మొహాలు వంకాయల్లా కమిలిపోయినా సరే, తలెత్తుకుని వెళ్ళిపోయేవాళ్ళు. అన్ని వయసులవారికీ అని రాశారు కదా, మరి నాకే ఆయాసం వస్తోందంటే నా వయసు వయసుల్లో లేనట్టేగా అని భయం.

ఒకాయన సరిగ్గా మా కొట్టు ముందు ఆగి వంగున్నాడు. వెనకే వాళ్ళావిడ.

"ఏం, ఆగారు? ఆయాసమా?" అందావిడ. గొంతు సగమే పైకొచ్చింది.

"నాకెందుకు ఆయాసం? లేసు ఊడింది, కట్టుకుంటున్నా."

"మీకెప్పుడూ ఇలాగే ఏదో ఒకటి..." ఆవిడకి మాట అందలేదు. "సరే, కట్టుకోండి. నిదానంగా కట్టుకోండి."

ఆయన వంగునే ఉన్నాడు. ఆవిడ గోడకి చేయి ఆనించి నిలబడే ఉంది. ఆయన కాళ్ళకున్నవి తోలు చెప్పులు. వాటికి లేసులెక్కడివి?

"టీ తాగండి సార్, కాసేపు కూర్చుని" అన్నాను.

"ఏం, నేను కూర్చోవాల్సినవాడిలా కనిపిస్తున్నానా?" అని నా మీద విరుచుకుపడి, ఎక్కుడు ఎక్కేశాడు. వాళ్ళావిడ మాత్రం రెండుసార్లు వెనక్కి తిరిగి బల్లని చూసింది.

ఇలాగైతే కొట్టు ఎలా నడుస్తుంది? పాలు విరిగిపోవడం, మేం పారబోసుకోవడం. కింద రేవు దగ్గర పెట్టుకుందామంటే అక్కడ పడవల కాంట్రాక్టరుగారి హోటలుంది, కాలు పెట్టనివ్వరు. మాకు ఈ మలుపు తప్ప వేరే చోటు లేదు. సరిగ్గా అప్పుడే మలుపుకీ ఎసరొచ్చింది.

ఎసరు పెట్టినాయన పర్యాటక శాఖ అధికారి. మేం సుగమం సారు అంటాం. దీపస్తంభానికి సామాను మోసే ట్రాక్టరు ఎక్కి వచ్చాడు. మొదటిసారీ ట్రాక్టరే, ఇప్పుడూ ట్రాక్టరే. అసలు ఈ దారి సులువని ఎలా తేల్చారో మా చరిత్రగాడు నాకు చెప్పాడు. ఆఫీసులో మ్యాపు పరిచి, దాని మీద వేలు పెట్టి నడిపించారట. వేలికి ఆయాసం రాలేదట.

సారు దిగకుండానే అన్నాడు. "ఏమయ్యా, ఈ కొట్టూ ఈ బల్లా తీసెయ్యాలి. మా శాఖ పెద్ద మేడంగారు వచ్చే వారం మార్గాన్ని ప్రారంభించడానికి వస్తున్నారు. ఆలోగా ఇక్కడ ఏమీ కనపడకూడదు."

"ఏం సార్, ఏం తప్పు చేశాం?"

"తప్పని కాదు. ఇది సుగమ మార్గం. సుగమ మార్గంలో విశ్రాంతి స్థలం ఉండకూడదు. ఉంటే అది సుగమం ఎలా అవుతుంది? నువ్వే చెప్పు."

"జనం అలిసిపోతారు కదా సార్."

"ఎవరు అలిసిపోయారు? ఒక్కరైనా ఫిర్యాదు చేశారా?"

చెయ్యలేదు. అదే కదా నా ఏడుపు. లేసుల్లేని చెప్పులాయన కూడా చెయ్యలేదు.

"మీరు ఒక్కసారి దిగి, కింద నుంచి నడిచి చూడండి సార్" అన్నాను. నా నోరు ఊరుకోదు.

"నాకు తెలియదనుకుంటున్నావా?" అని ట్రాక్టరు డ్రైవరుకి సైగ చేశాడు. ట్రాక్టరు ఎక్కుడు ఎక్కలేక నల్లగా పొగ కక్కింది. ఇనప బండికి కూడా ఆయాసం వచ్చింది గాని సారుకి అది వినపడలేదు.

ఆ సాయంత్రం బావమరిదిని నిలదీశాను. "ఒరేయ్, ప్రారంభానికి గైడువి నువ్వేనటగా. పెద్ద మేడంతో ఒక్క మాట చెప్పరా."

"అమ్మో, నా వల్ల కాదు బావా. ఏదన్నా అంటే నా బ్యాడ్జీ పీకేస్తారు."

"మీ అక్క పొయ్యి ఆరిపోతుంటే నీకు బ్యాడ్జీ ఎక్కువైందా? లేని రాణుల కోసం కన్నీళ్ళు పెట్టుకుంటావు, ఉన్న అక్క కోసం నోరు పెగలదా?"

"నువ్వు మాట్లాడితే పుల్లవిరుపు మాటలే బావా. అందుకే నిన్ను చూస్తే ఎవరికీ జాలెయ్యదు."

"మీ ఇద్దరి చరిత్రలూ ఆపండి" అంది మా ఆవిడ, టీ వడకడుతూ. "మేడంగారు వస్తారుగా. నడిచే వస్తారుగా. రానివ్వండి."

"వస్తే?"

"మనిషేగా ఆవిడ కూడా."

ఆవిడ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ప్రారంభం అయ్యేదాకా పొయ్యి మాత్రం ఆర్పనని మొండికేసింది. మర్నాడు కూలీలు వచ్చి బల్ల పెకలించాల్సింది గాని, ఎక్కుడు చూసి గునపాలు కిందే పడేసి కూర్చున్నారట. మా దారి మాకు చేసిన ఒకే ఒక్క మేలు అది.

ప్రారంభం రోజు ఎండ ఫెళఫెళలాడుతోంది. కింద రిబ్బను కత్తిరించిన చప్పట్లు పైకి వినపడ్డాయి. మేడం నడవడమే కార్యక్రమం కాబట్టి ట్రాక్టరు కుదరదు. మలుపు దగ్గర నిలబడి కిందకి చూస్తున్నాను. ముందు మా చరిత్రగాడు. వాడి వెనక కొత్త బూట్లలో సుగమం సారు. వెనకాల మేడం, ఆవిడ వెనకాల కెమెరాలూ శాఖ మనుషులూ. ఆసుపత్రి దాటేదాకా నవ్వులు వినపడ్డాయి. ఆ తర్వాత మాటలు. ఆ తర్వాత బూట్ల చప్పుడొక్కటే.

సుగమం సారు మేడంకంటే ముందే వచ్చి మమ్మల్ని అక్కణ్ణించి తోలెయ్యాలనుకున్నట్టున్నాడు. అందుకని అందరికంటే వేగంగా ఎక్కాడు. మలుపు తిరిగి నన్ను చూసి వేలెత్తాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. ఇంకోసారి తెరిచాడు. వేలు ఎత్తినట్టే ఉంచి, వెనక్కి వెనక్కి నడిచి, బల్ల మీద దబ్బున కూలబడ్డాడు. నాలుగురోజుల క్రితం తీసెయ్యమన్న బల్ల మీదే.

"నీళ్ళివ్వనా సారు?" అంది మా ఆవిడ.

అడ్డంగా తలూపాడు. ఊపుతూనే గ్లాసు అందుకున్నాడు.

ఈలోగా మేడం మలుపు తిరిగింది. కొంగుతో మొహం తుడుచుకుంటూ ఉన్నదల్లా, బల్ల మీద సారుని చూసి ఠక్కున కొంగు వదిలేసింది.

"ఏమిటండీ, మీరు... కూర్చున్నారేం?"

సారు మొహం చూడాలి. లేవబోయాడు, కాళ్ళు సహకరించలేదు. సుగమ మార్గం కనిపెట్టినవాడు సుగమ మార్గం మధ్యలో కూలబడ్డాడు, కెమెరాలు వస్తున్నాయి. నాకు ఎన్నాళ్ళకో లోపల చల్లగా అనిపించింది. ఇప్పుడు చెప్పు నాయనా అనుకున్నాను.

"చూ... చూస్తున్నాను మేడం" అన్నాడు.

"ఏమిటి చూస్తున్నారు?"

ఆయన కళ్ళెదురుగా ఉన్నది మా టార్పాలిను, దాని పైన గోడ. "గోడ మేడం. గోడని చూస్తున్నాను. వీక్షణ మార్గం కదా మేడం... వీక్షిస్తున్నాను."

మౌనంగా ఉండటం మా బావమరిదికి పుట్టుకతో చేతకాదు. "అవును మేడం!" అని అందుకున్నాడు. "ఈ గోడని నిలబడి చూడకూడదు మేడం. కూర్చునే చూడాలి. ఆ రోజుల్లో కాపలాదార్లు తరతరాలుగా ఈ బల్ల మీద కూర్చుని ఈ గోడనే చూశారు. అలా చూస్తూ చూస్తూ కన్నుమూసినవాళ్ళు కూడా ఉన్నారు మేడం!"

మేడం గోడని చూడలేదు. బల్లని చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. పాత రోజుల్లో మలుపు తిరిగిన ప్రతివాడి కళ్ళలోనూ ఉండేది.

"అవునా," అంది. "అయితే కూర్చోవాల్సిందే." కూర్చుంది. "జరగండి."

సారు జరిగాడు. కెమెరాలవాళ్ళు ఒగురుస్తూ వచ్చి, "మేడం, ఏంటి మేడం?" అన్నారు. "గోడ" అంది ఆవిడ, ఇంకేమీ అనలేక. వాళ్ళు కూడా మూటలు దించి కూలబడ్డారు. బల్ల చాలనివాళ్ళు దారి మీదే బాసింపట్లు వేశారు. శాఖ మొత్తం మా కొట్టుకి ఎదురుగా కూర్చుని, నోళ్ళు తెరిచి, రొమ్ములు ఎగరేస్తూ, ఒక పాత జైలు గోడని చూస్తోంది. వాళ్ళ వెనక సముద్రం, పెద్ద పెద్ద ఓడలు, ఎండలో తళతళలాడుతున్న నగరం. ఒక్కడు తల తిప్పితే ఒట్టు.

మా ఆవిడ అందరికీ టీలు ఇచ్చింది. మేడం రెండు గుక్కలు తాగాక గొంతు వచ్చింది. "ఇంత మంచి వీక్షణం ఉంటే బోర్డు మీద ఎందుకు వెయ్యలేదండీ?"

"వేస్తున్నాం మేడం. వీక్షణ కేంద్రం అని..."

"ఈ బల్లని పెకలించెయ్యమన్నారు మేడం" అన్నాను నేను. సారు నన్ను చూసిన చూపుకి పాలు విరగాలి.

"పెకలించడమా? ఎందుకు?"

"పెకలించి... శుభ్రం చేసి... మళ్ళీ పెడదామని మేడం" అన్నాడు సారు.

"ఏమీ వద్దు. ఇలాగే ఉండాలి. చారిత్రకమైన బల్ల ఇది." అని గోడని మొదటిసారి నిజంగా చూసినట్టుంది, మొహం చిట్లించింది. "కానీ ఈ కొట్టేమిటి? గోడకి సరిగ్గా అడ్డంగా ఉంది. చూడ్డానికి కూర్చున్నవాళ్ళకి ఏం కనపడుతుంది? దీన్ని తీసెయ్యండి."

నా నవ్వు నోట్లోనే చచ్చిపోయింది. బల్ల దక్కింది, కొట్టు పోయింది. గోడని నెత్తికెక్కించింది మా చరిత్రగాడే. వాడి వైపు చూస్తే వాడు బ్యాడ్జీ తడుముకుంటున్నాడు. సుగమం సారు మాత్రం, "వెంటనే మేడం, ఈ పూటే" అని పళ్ళు ఇకిలించాడు. నేను నాలుగు తిట్టడానికే నోరు తెరిచాను. తిట్టుంటే అంతటితో అయిపోయేది.

మా ఆవిడ నా చేతిలోంచి టీ గిన్నె తీసుకుంది. మేడం గ్లాసులో ఇంకాస్త పోస్తూ, "నిజమే తల్లీ, అడ్డమే" అంది. "ఇటు తీసేసి, బల్ల వెనక్కి, అదిగో ఆ సముద్రం పక్కకి జరుపుకుంటాం. అటు చూసేవాళ్ళెవరున్నారు?"

మేడం వెనక్కి తిరిగింది. మొత్తం రేవంతా ఆవిడ కళ్ళముందు ఉంది. చూసింది. చేతిలో వేడి టీ. లేస్తే ఇంకా సగం ఎక్కుడు.

"అవును," అంది. "అటు చూసేవాళ్ళెవరున్నారు? అటు జరుపుకోండి."

సారు పళ్ళు లోపలికి వెళ్ళిపోయాయి.

ఆవిడ దీపస్తంభం దాకా వెళ్ళలేదు. గోడ చూడ్డంతోనే సమయం సరిపోయిందని ప్రకటించి దిగిపోయింది.

ఇప్పుడు మా మలుపులో ఇంకో బోర్డు ఉంది. "వీక్షణ కేంద్రం. కూర్చుని చూడదగినది." శాఖవాళ్ళే మాకు రేకుల గది కట్టించారు, బల్ల వెనక, సముద్రానికి సరిగ్గా అడ్డంగా. ముందు కిటికీలోంచి నేను టీ అందిస్తాను. గ్లాసులు కడిగే చోటు అసహ్యంగా ఉంటుందని, అది ఎవరికీ కనపడకుండా వెనక్కి పెట్టించారు. బల్ల ఖాళీగా ఉన్న పూట లేదు. మలుపు తిరిగినవాడు బోర్డు చదివి, ప్రాణం లేచొచ్చి, దర్జాగా కూలబడతాడు.

"ఏం, ఆగారు?"

"చూడ్డానికి."

గోడతో ఫోటోలు దిగుతారు. మా చరిత్రగాడు గోడ వెనక ఇద్దరు రాణుల్ని దించాడు, మూడో ఆవిడ దారిలో ఉందట. మొన్న ఒక పెద్దాయన అమాయకంగా, "అబ్బా, మహా ఆయాసంగా ఉందర్రా" అన్నాడు. బల్ల మీదున్న వాళ్ళందరూ ఆయన్ని చూసిన చూపు, పెళ్ళిలో బూతు మాట్లాడినవాణ్ణి చూసినట్టు. నేను కూడా, "చూడ్డానికి కూర్చోండి సార్" అన్నాను. ఏం చెయ్యను? మాట మారిస్తే గాని టీ అమ్ముడుపోవడం లేదు. ఒకావిడ మాత్రం, "సముద్రం ఎటుందండీ?" అని అడిగింది. "కొట్టు వెనకాలమ్మా" అన్నాను. "ఓహో," అని గోడకేసి తిరిగింది.

నిన్న సాయంత్రం జనం విరగబడ్డారు. కిటికీలో గ్లాసులు అయిపోయాయి.

"ఏమే, గ్లాసులు!" అని కేకేశాను. పలకలేదు. ఇంకోసారి కేకేసి, చిరాకెత్తి వెనక్కి వెళ్ళాను.

బకెట్టు పక్కన పీట మీద కూర్చుని ఉంది. చేతిలో గ్లాసు, దాని మీద సబ్బు నురగ ఎండిపోయి చారలు కట్టింది. కింద ఒక పెద్ద ఓడ మెల్లగా రేవులోకి తిరుగుతోంది. అవతలి ఒడ్డున ఒక్కొక్కటే దీపాలు వెలుగుతున్నాయి.

"ఏంటి, కాళ్ళ నొప్పా? ఆయాసమా?" అన్నాను.

"కాదు," అంది, తల తిప్పకుండా. "చూస్తున్నా."

ఏదో అనబోయాను. పుల్లవిరుపు మాటే అయ్యుంటుంది. అనలేదు. కడిగినవీ కడగనివీ కలిపి గ్లాసులన్నీ నేనే ఎత్తుకుని ముందుకొచ్చాను. బల్ల మీద జనం గోడకేసి చూస్తూనే ఉన్నారు.